బిడ్డ తూకము - కొవ్వు పంపెడి కబురు

భద్రాచలము నుండి దుమ్ముగూడెము, చర్ల వైపునకు పోవు పల్లెలలో ప్రతి నెలయు అంగన్‌వాడీ టీచరు పిల్లలను తూచి, ఆ బరువును ఒక పటముపై చుక్కగా గుర్తించును. మగపిల్లలకు నీలి పటము, ఆడపిల్లలకు గులాబి పటము. ఇప్పుడు చేతి ఫోనులో నమోదు చేయుచున్నను లెక్క మాత్రము అదియే. ఏడాది నిండిన శిశువు 7.4 కిలోలు తూగినదనుకొందము. ఆడపిల్లయైనచో చుక్క హద్దులోనే పడును. మగపిల్లవాడైనచో హద్దునకు దిగువను పడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణములలో తక్కువ బరువు గీత ఏడాది బాలునకు 7.7 కిలోల వద్దను, బాలికకు 7.0 వద్దను కలదు. ఒకే తూకమునకు రెండు తీర్పులేల యని తల్లులకు సందేహము కలుగుట సహజము. మిరపకాయల బస్తాలో పావు కిలో తేడా వచ్చినచో కాటావానితో తగవులాడు తండ్రి, బిడ్డ తూకమును గూర్చి ఏల అడుగడో మాకు తోచదు!

బరువు కేవలము కంచములోని అన్నముతో తేలు విషయము కాదు. శరీరములోని కొన్ని గ్రంథులు నేరుగా నెత్తురులోనికి వదలు రసములకు హార్మోనులని పేరు. కొవ్వు ఊరక నిలువయుండు ఇంధనమని శాస్త్రజ్ఞులు చాలకాలము తలంచిరి. 1994లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయములో జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు కొవ్వు కణములే ఒక హార్మోనును తయారుచేయునని కనుగొనిరి. దానికి లెప్టిన్ అని పేరిడిరి. గ్రీకు భాషలో 'లెప్టోస్' అనగా సన్ననిదని అర్థము. గాదెలో గింజలెన్ని మిగిలినవో ఇల్లాలికి కబురు చెప్పు పాలేరు వంటిది ఈ లెప్టిన్. నిలువ హెచ్చినప్పుడు 'ఇక చాలు' నని మెదడునకు తెలుపును. నిలువ తగ్గినప్పుడు కబురు సన్నగిల్లును. ఆకలి పెరుగును, ఒడలు పొదుపులో పడును.

పుట్టుకతోనే లెప్టిన్ లేక మితిమీరి లావెక్కిన తొమ్మిదేండ్ల బాలికకు కేంబ్రిడ్జి వైద్యులు ఆ హార్మోనును సూదిమందుగా ఇయ్యగా ఆమె ఆకలి అదుపునకు వచ్చినది. 1999లో ఈ సంగతి వెల్లడియైనది. అట్టివారు బహు అరుదు. లావుగానుండు పిల్లలలో పెక్కుమందికి లెప్టిన్ కొరత లేదు. మెదడే ఆ కబురును సరిగా వినదు.

ఆడ, మగ భేదము పుట్టుకనాడే కనబడును. ఆడశిశువు సగటున కొంత తక్కువ తూగినను, ఆమె బొడ్డుతాటి నెత్తురులో లెప్టిన్ మగశిశువుకంటె ఎక్కువ. యౌవనారంభమున ఈ తేడా విస్తరించును. బాలురలో లెప్టిన్ కొంచెము పెరిగి, వృషణముల నుండి టెస్టోస్టెరోన్ హెచ్చినకొలది తగ్గిపోవును; కండ పెరుగును. బాలికలలో అండాశయముల నుండి వెలువడు ఈస్ట్రోజెన్ ప్రభావమున కొవ్వు, దానితో లెప్టిన్ పెరుగుచునే యుండును. ఒకే పరిమాణము కొవ్వుగల బాలబాలికలను పోల్చినను బాలికలోనే లెప్టిన్ ఎక్కువ. కావున పది పన్నెండేండ్ల బిడ్డ ఒడలు నిండుటను జూచి 'ఇది లావెక్కుచున్న' దని అన్నము తగ్గించుట అన్యాయమని మా అభిప్రాయము. అది తిండిపోతుతనము కాదు, వయసు చేయు పని.

అడవి అంచున మాకు ఎక్కువ భయము కలిగించునది లావు కాదు, బక్కతనము. తునికాకు డబ్బు ఖర్చయి, కొత్త పంట చేతికి రాని వానకాలపు నెలలలో గింజల గాదె వలెనే ఒంటిలోని గాదెయు ఖాళీయగును. నిలువ చాలదను కబురు అందిన బాలిక దేహము రజస్వలయగుటను వాయిదా వేసికొనును. ఇందు దేవత కోపమేమియు లేదు. లెప్టిన్ మరీ తగ్గినచో రోగములనెదుర్కొను శక్తియు క్షీణించును. ఉగాండాలో తీవ్రమైన పోషణలోపముతో ఆసుపత్రిలో చేరిన పిల్లలను పరీక్షింపగా, లెప్టిన్ అతి తక్కువగానున్న వారికే ప్రాణాపాయము హెచ్చని 2014లో తేలినది. జ్వరములు విడువని ఏజెన్సీ పల్లెలకు ఇది దూరపు సంగతి కాదు.

తొలినాళ్ల తిండి ఎంత దూరము పని చేయునో హైదరాబాదు చేరువ పల్లెలే చూపినవి. 1987-90 మధ్య కొన్ని గ్రామములలో గర్భిణులకును, పసిపిల్లలకును అదనపు ఆహారము అందినది. ఆ పిల్లలు 13-18 ఏండ్ల వారైన పిదప జాతీయ పోషకాహార సంస్థ మొదలగువారు పరీక్షించిరి. ఆహారము అందని గ్రామముల పిల్లలకంటె వీరు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగానుండిరి. కొవ్వులో చెప్పదగిన తేడా లేకున్నను వీరి దేహములపై ఇన్సులిన్ అను మరియొక హార్మోను మెరుగుగ పనిచేయుచుండెను. 2008లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

ఇక పటము మాటకు వత్తము. ఒక్క చుక్కను జూచి బెదరనక్కరలేదు. రెండు మూడు నెలలు గీత పైకి లేవక అడ్డముగ సాగినచో, నీలి పటమైనను గులాబి పటమైనను, ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో వెంటనే అడుగవలెను. ఆమె చంకక్రింది చేతికి రంగుల పట్టీ చుట్టి కొలుచును. ఈ పట్టీకి ఆడ, మగ భేదము లేదు. ఆరు నెలలు మొదలు ఐదేండ్ల వరకు ఏ బిడ్డకైనను కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో, సంత మరునాటికి వాయిదా వేసియైనను, ఆ బిడ్డను ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.