మంచుబండి వేగము - పండ్లచక్రముల లెక్క

1934వ సంవత్సరపు చలికాలములో, కెనడా దేశమునందలి క్విబెక్ రాష్ట్రమున, వాల్‌కూర్ అను చిన్న ఊరిలో ఒక పసివానికి తీవ్రమైన ఉదరవ్యాధి కలిగెను. దారులన్నియు మంచుతో పూడిపోయి యుండెను. ఆసుపత్రికి కొనిపోవు సాధనము లేక ఆ బాలుడు మరణించెను. ఆతని తండ్రి జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే మోటారు మరమ్మతులు చేయువాడు. మంచుపై నడచు బండికై ఆతడు అంతకు ముందునుండియే ప్రయత్నించుచుండెను. పండ్లచక్రముచే త్రిప్పబడు పట్టాను రూపొందించి, 1937లో దానికి పేటెంటు పొందెను. 1959లో ఆతని సంస్థ ఒకరిద్దరు కూర్చుండి పోదగిన చిన్న మంచుబండిని 'స్కీ-డూ' అను పేర విక్రయింప నారంభించెను.

మామూలు బండిచక్రము మెత్తని మంచులో దిగబడును. పట్టా యైనచో బండి బరువును విశాలమైన తావున పరచును. అందుచే ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై పడు ఒత్తిడి తగ్గి, బండి మంచుపై నిలిచి పోగలదు.

ఇట్టి బండి గలవారిలో కొందరికి, ఇంజనును మార్చకయే వేగమును పెంచవలెనను కోరిక కలుగును. అందుకు వారు పండ్లచక్రములను మార్చుదురు. దీనివలన నిజముగా కలుగు లాభమెంత?

ముందు ఇంజను శక్తి పట్టాను చేరు మార్గమును తెలిసికొనవలెను. ఇంజను ఒక కప్పీని త్రిప్పును. బెల్టు ద్వారా రెండవ కప్పీ తిరుగును. ఈ కప్పీలపై బెల్టు తిరుగు వ్యాసములు వేగమును, లాగవలసిన భారమును బట్టి వాటంతట అవియే మారుచుండును. రెండవ కప్పీ గల ఇరుసునకు ఆవలి చివర ఒక చిన్న పండ్లచక్రము, దాని క్రింద వేరొక ఇరుసుపై ఒక పెద్ద పండ్లచక్రము, ఆ రెంటిని కలుపుచు ఒక గొలుసు ఉండును. క్రింది ఇరుసు పట్టాను లాగును.

సైకిలులో పెడలువద్ద పెద్ద చక్రము, వెనుక చిన్న చక్రము కలవు. మంచుబండిలో ఇది తలక్రిందులు. సైకిలులో నెమ్మదిగా త్రొక్కు కాలినుండి వేగమును రాబట్టవలెను. మంచుబండిలో మిక్కిలి వేగముగా తిరుగు ఇంజనునుండి లాగు బలమును రాబట్టవలెను.

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. పై చక్రమునకు 20 పండ్లు, క్రింది చక్రమునకు 40 పండ్లు ఉన్నవనుకొనుడు. పై ఇరుసు నిమిషమునకు 4,800 మారులు తిరిగినచో, క్రింది ఇరుసు 2,400 మారులు తిరుగును. ఒక్కొక్క మారు పట్టా 40 సెంటీమీటర్లు జరిగినచో, బండి నిమిషమునకు 960 మీటర్లు, అనగా గంటకు సుమారు 58 కిలోమీటర్లు పోవును. ఇప్పుడు పై చక్రమును తీసి 24 పండ్ల చక్రమును వేసినచో, లెక్కప్రకారము వేగము 69 కిలోమీటర్లు కావలెను. నూటికి 20 వంతులు లాభము!

కాని పండ్లచక్రము సామర్థ్యమును సృష్టింపదు. పట్టాకు చేరు సామర్థ్యము 12,000 వాట్లు అనుకొనుడు. సామర్థ్యమును వేగముచే భాగించిన లాగు బలము వచ్చును. మొదటి అమరికలో వేగము సెకనుకు 16 మీటర్లు. బలము 750 న్యూటన్లు. రెండవదానిలో వేగము 19.2 మీటర్లు, బలము 625 న్యూటన్లే.

గడ్డకట్టిన సరస్సుపై నిరోధము 500 న్యూటన్లు మాత్రమే యైనచో, బండి 69 కిలోమీటర్ల వేగమును అందుకొనును. మెత్తని మంచులో నిరోధము 700 న్యూటన్లయినచో అందుకొనలేదు. కప్పీలు సర్దుకొని, బండి 62 కిలోమీటర్లలోపుననే నిలిచిపోవును. లోతైన మంచులో నిరోధము 900 న్యూటన్లయినచో, ఏ చక్రము వేసినను వేగము 48 కిలోమీటర్లు దాటదు. పైగా గాలి నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక, నిజమైన లాభము ఇంకను తగ్గును.

నష్టము బయలుదేరునప్పుడే కనబడును. అప్పుడు కప్పీలు తమ హద్దున ఉండును. ఇంకను సర్దుకొనుటకు వీలులేదు. పట్టావద్ద బలము ఆరవవంతు తగ్గినందున, లోతైన మంచులో బండి కదలకముందే బెల్టు కప్పీపై జారి, వేడెక్కి, కడకు తెగవచ్చును. జనసంచారము లేనిచోట, సున్నకు ముప్పది డిగ్రీలు దిగువనున్న చలిలో బెల్టు తెగినచో ప్రయాణికుని ప్రాణమునకే ముప్పు.

మరియొక విషయము పలువురు గమనింపరు. అనేక బండ్లలో బ్రేకు పై ఇరుసుకే అమర్చబడి యుండును. పై చక్రము పెద్దదైనచో బ్రేకు పట్టు కూడ పట్టావద్ద ఆరవవంతు తగ్గును. వేగము 1.2 రెట్లయినందున గతిశక్తి 1.44 రెట్లగును. ఈ రెండును కలిసి, బ్రేకును అంతే గట్టిగా నొక్కినను, బండి ఆగుటకు పట్టు దూరము సుమారు 1.73 రెట్లగును. మునుపు 30 మీటర్లలో ఆగిన బండికి ఇప్పుడు దాదాపు 52 మీటర్లు కావలెను.

కావున గట్టి మంచుపై పరుగెత్తు బండికి పై చక్రము పెద్దదిగను, బరువు లాగుచు లోతైన మంచులో పోవు బండికి చిన్నదిగను ఉండుట మేలు. చక్రమును మార్చినప్పుడు గొలుసు పొడవు, బిగువు సరిపోవునో లేదో చూచుకొనవలెను.

ఈ సూత్రమును పరీక్షించుటకు మంచు అక్కరలేదు. ఉపాధ్యాయులు ఒక సైకిలు రెండు చక్రముల పండ్లను లెక్కింపజేసి, పెడలును ఒక్క చుట్టు త్రిప్పినచో సైకిలు ఎంతదూరము పోవలెనో విద్యార్థులచే ముందుగా గుణింపజేయవచ్చును. పిమ్మట టేపుతో కొలిచి చూచినచో లెక్క సరిపోవును. అదే సైకిలును ఎగువకు త్రొక్కించినచో, వేగమునకై విడువవలసిన బల మెంతో విద్యార్థి కాళ్లకే తెలియును.

వాల్‌కూర్‌లో ఆనాడు కావలసినది మంచును దాటి ఆసుపత్రికి చేర్చగల బండి. ఎంత వేగముగా పోవలెనన్నది, చేరుట నిశ్చయమైన తరువాత ఆలోచింపదగిన విషయము.