లక్ష కార్డుల్లో మరిడమ్మ కార్డు ఏది?

పెద్దాపురంలో మరిడమ్మ తల్లి గుడి ఉంది. ఆషాఢ మాసంలో జాతర జరుగుతుంది. ఆ తల్లి పేరు పెట్టుకున్న ఆడవాళ్లు ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చాలామంది ఉన్నారు. వీధిలో నిలబడి "మరిడమ్మా!" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు.

ఒక మరిడమ్మ రేషను కార్డు పోయింది అనుకుందాం. ఆమె ఆఫీసుకు వెళ్లింది.

"కార్డు నంబరు చెప్పమ్మా" అన్నాడు గుమాస్తా.

"నంబరు గుర్తు లేదు బాబూ. నా పేరు మరిడమ్మ. మాది పెద్దాపురం. మా ఆయన పేరు సూర్రావు" అంది.

పాత రోజుల్లో అయితే ఏం జరిగేది? పెద్ద పెద్ద రిజిస్టర్లు ఉండేవి. వాటిలో కార్డులన్నీ నంబరు వరసలో రాసి ఉండేవి. నంబరు తెలిస్తే ఆ పేజీ తియ్యవచ్చు. తెలియకపోతే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతకాలి. "రేపు రా అమ్మా" అనేవారు. రేపు వస్తే మళ్లీ రేపు. రెండు రోజుల కూలి పోయేది.

ఇప్పుడు ఆ వివరాలు కంప్యూటరులో ఉంటున్నాయి. ఇలా ఒక పద్ధతిగా దాచిన వివరాలను డేటాబేస్ అంటారు. ధాన్యానికి గాదె ఎలాగో, వివరాలకు డేటాబేస్ అలాగ. ఒక్క తేడా ఉంది. గాదెలో ఏ గింజ తీసినా ఒకటే. వివరాలు అలా కాదు. మరిడమ్మ కార్డు బదులు మంగమ్మ కార్డు తీస్తే కుదరదు.

1970లో అమెరికాలో కాడ్ అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. వివరాలను గళ్లు గీసిన పట్టికల్లాగా ఉంచాలన్నాడు. పొదుపు సంఘం పుస్తకంలో మీరు చూసే గళ్ల లాంటివే. ఒక గడిలో పేరు, ఒక గడిలో ఊరు, ఒక గడిలో సొమ్ము. పట్టిక బాగానే ఉంది. మరి లక్ష వరసలున్న పట్టికలో ఒక్క వరసను చప్పున పట్టుకోవడం ఎలా? అందులోనూ సగం వివరాలే తెలిసినప్పుడు ఎలా?

ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పని చేసినవాళ్లలో ఒకరు కోటగిరి రామమోహనరావు గారు.

పెద్దాపురం వాళ్లు సామర్లకోటలో రైలెక్కితే విశాఖపట్నం వెళ్లొచ్చు. అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అది 1926లో మొదలైంది. రామమోహనరావు గారు 1972లో అక్కడే ఇంజనీరింగు పట్టా అందుకున్నారు. 1974లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పై చదువు పూర్తి చేశారు. తరువాత సముద్రాలు దాటి ఆస్ట్రేలియా వెళ్లారు. 1980లో మొనాష్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరు పట్టా ఇచ్చింది. ఈ డాక్టరు మందులిచ్చే డాక్టరు కాదు. కొత్త సంగతి కనిపెట్టి, రుజువు చేసినవాళ్లకు ఇచ్చే పట్టా అది. అదే ఏడు మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో పనికి చేరారు. 1989లో ప్రొఫెసరు అయ్యారు.

ఆయన మొదటి రోజుల్లో చేసిన పని మన మరిడమ్మ సమస్యే. అది ఎలాగో చూద్దాం.

ఒక గోడకు 1000 గూళ్లు ఉన్నాయి అనుకోండి. గూటి నంబర్లు 000 నుంచి 999 దాకా. ప్రతి కార్డునూ ఏదో ఒక గూట్లో పెట్టాలి. ఏ గూట్లో? ఊరి పేరును బట్టి మొదటి అంకె. మనిషి పేరును బట్టి రెండో అంకె. భర్త పేరును బట్టి మూడో అంకె. ఏ పేరుకు ఏ అంకె వస్తుందో కంప్యూటరు ఒక లెక్క కట్టి చెబుతుంది. పెద్దాపురానికి 4 వచ్చింది. మరిడమ్మకు 7 వచ్చింది. సూర్రావుకు 2 వచ్చింది. అంటే గూడు 472. వెతకనక్కర లేదు. నేరుగా ఆ గూటి దగ్గరకే వెళ్లాలి.

భర్త పేరు తెలియలేదు అనుకోండి. వెనకటి రోజుల్లో మొగుడి పేరు పలకడమే తప్పు అనుకునేవారు కదా! అప్పుడు చివరి అంకె తెలియదు. అయినా 470 నుంచి 479 దాకా పది గూళ్లు చూస్తే చాలు. మిగిలిన 990 గూళ్ల జోలికి పోనక్కర లేదు. ఊరు ఒక్కటే తెలిస్తే వంద గూళ్లు చూడాలి. తెలిసింది ఎంతో, శ్రమ అంత తగ్గుతుంది.

ఒక్కో గూడు తెరవడానికి ఆనాటి కంప్యూటర్లకు చాలా సమయం పట్టేది. అందుకని గూడు తెరవకుండానే అందులో ఏముందో పసిగట్టాలి. 1983లో రామమోహనరావు గారు, జాన్ లాయిడ్, జేమ్స్ థామ్ కలిసి దీని మీద ఒక వ్యాసం అచ్చు వేశారు. ప్రతి గూటికీ ఒక చీటీ అంటించినట్టు అనుకోండి. లోపల ఉన్న కార్డుల గుర్తులు ఆ చీటీ మీద ఉంటాయి. వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసుకున్నట్టే. చీటీ మీద గుర్తు లేకపోతే ఆ గూడు తెరవక్కర లేదు. మూత తీసి వాసన చూసే పని తప్పింది.

తరువాత ఆయన బృందం ఇంకో అడుగు వేసింది. కంప్యూటరు దాచిన వివరాలను చెప్పడమే కాదు, వాటి నుంచి కొత్త సంగతి తేల్చి చెప్పగలదా? మరిడమ్మ తల్లి నూకాలమ్మ అని ఒక చోట రాసి ఉంది. నూకాలమ్మ తల్లి సత్తెమ్మ అని ఇంకో చోట రాసి ఉంది. సత్తెమ్మ మరిడమ్మకు ఏమవుతుంది? అమ్మమ్మ అవుతుంది. ఆ మాట ఎక్కడా రాసి లేదు. "తల్లికి తల్లి అమ్మమ్మ" అనే సూత్రం ఒక్కటి నేర్పితే కంప్యూటరు తనే తేలుస్తుంది. ఇలాంటి పని చేసే డేటాబేసును మెల్బోర్న్‌లో తయారు చేశారు. దాని గురించి 1994లో వ్యాసం వచ్చింది. ఆ డేటాబేసు పేరేమిటో తెలుసా? అదితి! మన పురాణాల్లో దేవతల తల్లి పేరు అది.

ఆ తరువాత రెండు గుంపుల మధ్య తేడా కనిపెట్టే పనిలోనూ ఆయన పాలు పంచుకున్నారు. ఒక జాబితాలో తినే పుట్టగొడుగులు, విషపు పుట్టగొడుగులు ఉన్నాయి. వాసన, రంగు, ఆకారం అన్నీ రాసి ఉన్నాయి. తినేవాటిలో ఎక్కువగా కనిపించి, విషపువాటిలో అసలు కనిపించని గుర్తుల కూటమి ఏది? 1999లో డాంగ్, లీ అనే ఇద్దరు ఈ పద్ధతి చూపారు. రామమోహనరావు గారు వాళ్లతో కలిసి దాన్ని ఇంకా పెంచారు. రోగం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా పట్టడానికి కూడా ఇలాంటి లెక్కలు పనికొస్తాయి. (పుట్టగొడుగుల లెక్క ఆ జాబితాకే సరిపోతుంది. దాన్ని నమ్మి పొలం గట్టు మీది పుట్టగొడుగులు వండవద్దు!)

ఇంకొక తమాషా ఉంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఆస్ట్రేలియాలో ఇంటిపేరు వెనక వస్తుంది. అందుకని ఆయన వ్యాసాల మీద "కోటగిరి రామమోహనరావు" అని ఉంటుంది. విశ్వవిద్యాలయం జాబితాలో "రావు కోటగిరి" అని ఉంటుంది. చదివిన మనిషికి ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. యంత్రానికి ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. పేర్లు వెతికే విద్యలో పండిన మనిషి పేరే రెండు రకాలుగా ఉంది!

మరిడమ్మకూ అదే వచ్చి పడింది. గుమాస్తా 472 గూడు చూశాడు. కార్డు లేదు. ఎందుకు లేదు? ఇంట్లో అందరూ సూర్రావు అంటారు. కార్డు రాసినప్పుడు సూర్యారావు అని రాశారు. ఆ పేరుకు 2 రాదు, 5 వస్తుంది. ఒక అక్షరం మారితే గూడే మారిపోతుంది.

అప్పుడు గుమాస్తా భర్త పేరు గడి ఖాళీగా వదిలేశాడు. ఊరు, ఆమె పేరు మాత్రం కొట్టాడు. 470 నుంచి 479 దాకా పది గూళ్లు. తెర మీదకు ఏడుగురు మరిడమ్మలు వచ్చారు. మరిడమ్మ తల వంచి తెర చూసింది. ఒక్కో వరసా కూడబలుక్కుని చదివింది. అయిదో వరస దగ్గర వేలు పెట్టింది.

"ఇదుగో బాబూ, ఇదే నాది. సూర్యారావు అని రాశారు" అంది.