జాన్ లాక్ తూకంలో ఆదిలాబాద్ పోడు చేను

భూమి మీద హక్కు ఎక్కడ పుడుతుంది? ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ (1632–1704) దీనికి సూటిగా జవాబు చెప్పాడు. 1689లో తన పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన రాజనీతి గ్రంథంలో ఆయన వాదన ఇది: నేల మనుషులందరికీ ఉమ్మడి, ఎవరి ఒళ్లు వారిది కనుక ఆ ఒళ్లు వంచి చేసిన కష్టమూ వారిదే, ఆ కష్టం కలిసిన నేల వారి సొంతం. ఈ హక్కు రాజు దయ కాదు. దాన్ని కాపాడేందుకే ప్రభుత్వం ఏర్పడింది. ఈ తూకంలో పెడితే ఆదిలాబాద్ ఆదివాసులైన గోండులు, కొలాములు సాగుచేసిన భూములు పట్టా కాగితం లేకున్నా వారివే. అయినా అవి చేజారాయి. దానికి దారితీసిన చూపు కూడా లాక్ పుస్తకంలోనే కనిపిస్తుంది.

లాక్ దృష్టిలో కష్టమంటే ముఖ్యంగా కంచె, నాగలి. అమెరికా మూలవాసుల వేట భూములు ఆయనకు వృథాగా పడి ఉన్నట్టే తోచాయి. అమెరికాలోని కరోలినా వలస యజమానులకు కార్యదర్శిగా పనిచేసినవాడికి అలా తోచడం యాదృచ్ఛికం అనుకోలేం. ఆదిలాబాద్ కొండల్లో సేద్యం తీరు వేరు. కొలాములు వాలులో పొదలు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, తొలకరికి ఆ బూడిదలో జొన్న, చిరుధాన్యాలు వేసేవారు. బలం తగ్గిన నేలను కొన్నేళ్లు వదిలేసి మరో చోటికి మళ్లేవారు. ఇదే పోడు. గోండులూ తేలిక నేలలను వంతులవారీగా పడావు పెట్టేవారు. నిజాం కాలంలో రిజర్వు అడవికి హద్దులు వేసినప్పుడు ఆ పడావు భూములు చాలావరకు అడవిలో కలిసిపోయాయి. నేల తేరుకోవడానికి ఇచ్చిన విరామాన్ని సర్కారు లెక్క ఖాళీ కింద రాసింది. ఆ అన్యాయంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తర్వాత వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండుల భూమి గోసను దగ్గరగా చూసి గ్రంథస్థం చేశాడు.

నిజాం అధికారులు లాక్‌ను చదివి హద్దులు గీశారా అని అడగవచ్చు. అలా అని నేను అనడం లేదు. కంచె లేని నేల ఎవరిదీ కాదన్న చూపు వలస పాలనలో పాతుకుపోయింది. ఆ చూపుకు తత్వబలం ఇచ్చినవారిలో లాక్ ముఖ్యుడు. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: కష్టపడితే చాలు సొంతమన్నప్పుడు అడవి మిగులుతుందా? దీనికి జవాబు కూడా లాక్‌లోనే ఉంది. ఇతరులకు సరిపడా, అంతే మంచిది మిగల్చాలనీ, వాడుకోలేక పాడుచేసేంత తీసుకోకూడదనీ ఆయన షరతులు పెట్టాడు. 2006 అటవీ హక్కుల చట్టమూ హద్దు లేని హక్కునివ్వలేదు: 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికే, గరిష్ఠంగా 4 హెక్టార్లకే, అమ్ముకునే వీలు లేకుండా హక్కు ఇచ్చింది.

అదే చట్టం లాక్ చూడని సంగతిని కూడా గుర్తించింది. తరతరాలుగా అడవిని కాపాడుకుంటూ వచ్చిన ఊరికి ఉమ్మడి హక్కుంది, దానిపై విచారణ మొదలుపెట్టే అధికారం గ్రామసభకుంది. లాక్ సూత్రాన్ని పారేయనక్కర్లేదు. కష్టం అన్న మాటలో నాగలితో పాటు పడావు పెట్టిన తెలివినీ, అడవిని కాచిన ఓపికనీ లెక్కించాలి. అప్పుడే ఆ సూత్రం ఆదిలాబాద్‌కు న్యాయం చేస్తుంది.