దరఖాస్తు నుండి డిజిటల్ ధ్రువపత్రము వరకు

నేడు మన విద్యార్థులు మీ సేవ కేంద్రమున పొందు ఆదాయ ధ్రువపత్రముపై సిరా సంతకము ఉండదు, డిజిటల్ సంతకము ఉండును. అది ఫలానా అధికారిదేయని నమ్ముటకు ఆధారము డిజిటల్ సర్టిఫికెట్. దానిని జారీచేయు కంప్యూటర్ ప్రోగ్రాము ఎట్లు పనిచేయునో, ఎచ్చట జాగరూకత వహింపవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

1976లో డిఫీ, హెల్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు జంట కీల పద్ధతిని ప్రకటించిరి. తాళపుచెవుల వంటి ఈ రెండు సంఖ్యలలో ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. రహస్య కీతో చేసిన సంతకమును బహిరంగ కీతో ఎవరైనను సరిచూడవచ్చును. అయితే ఆ బహిరంగ కీ ఎవరిదో చెప్పువారెవరు? 1978లో ఎం.ఐ.టి. విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డర్ తన సిద్ధాంత వ్యాసమున ఒక ఉపాయము సూచించెను. పేరును, కీని ఒకే పత్రమున వ్రాసి, అందరు నమ్మిన సంస్థ దానిపై సంతకము చేయవలెను.

జారీ క్రమము ఇట్లుండును. దరఖాస్తుదారు తన వద్దనే కీల జంటను సృష్టించుకొని, పేరును, బహిరంగ కీని దరఖాస్తులో వ్రాసి, రహస్య కీతో తానే సంతకము చేయును. దీనిని సి.ఎస్.ఆర్. అందురు. రహస్య కీని ఎవరికిని పంపడు. ప్రోగ్రాము మొదట ఈ సంతకమును సరిచూడవలెను. సరిపోయినచో రహస్య కీ అతని వద్ద ఉన్నదని మాత్రమే తేలును. పేరు అతనిదేయని తేలదు. వధువు సమ్మతి సాక్షుల ద్వారా తెలిసిన పిదపనే ఖాజీ నికాహ్ చదువును గదా! ఇచ్చటను పేరును వేరుగా విచారింపవలెను.

దరఖాస్తుపైననే ముద్రవేసి ఇత్తురని కొందరు తలంతురు. అది సరికాదు. బహిరంగ కీని, విచారణలో నిలిచిన పేరును మాత్రమే గ్రహించి, ప్రోగ్రాము క్రొత్త పత్రమును వ్రాయవలెను. జారీదారు పేరు, వరుససంఖ్య, గడువు తేదీలు, వినియోగ పరిమితులు తానే నిర్ణయించి చేర్చవలెను. అటుపై సంస్థ రహస్య కీతో సంతకము చేయవలెను. “నేనును ధ్రువపత్రములు జారీచేయు అధికారినే” అను కోరిక దరఖాస్తులో ఉండగా ప్రోగ్రాము గ్రుడ్డిగా నకలు చేసినచో, అతడు ఇతరుల పేర పత్రములు సృష్టించు ప్రమాదము కలదు.

వరుససంఖ్యయు స్వల్ప విషయము కాదు. 2008 డిసెంబరులో కొందరు పరిశోధకులు ఒక సంస్థ ఇవ్వబోవు సంఖ్యను ముందే ఊహించి, ఎం.డి.5 పద్ధతి బలహీనతను ఆసరాగా గొని, నకిలీ జారీదారు పత్రమును సృష్టించి చూపిరి. కావున నేడు ఆ సంఖ్య ఊహకందనిదిగా ఉండవలెనని నియమము.

సంస్థ కీ పరహస్తగతమైన ఫలితమును 2011లో లోకము చూచినది. నెదర్లాండ్సులోని డిజినోటార్ సంస్థలో ఆగంతకులు చొరబడి, 500కు పైగా దొంగ పత్రములు జారీచేసిరి. గూగుల్ పేరిట వెలువడిన పత్రము ఇరాన్ ప్రజలపై గూఢచర్యమునకు వినియోగింపబడినది. ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసెను. 2014లో మన దేశమున ఎన్.ఐ.సి. ధ్రువీకరణ విభాగము నుండియు గూగుల్ పేర అనధికార పత్రములు వెలువడగా, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము క్రింద ఏర్పడిన కంట్రోలర్ ఆ విభాగపు పత్రములను రద్దుచేసెను.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను ఉచిత సాధనముతో ఈ క్రమమంతయు మన కంప్యూటర్ ప్రయోగశాలలో చేసి చూడవచ్చును. దరఖాస్తులో ఒక్క అక్షరము మార్చినను సంతకము సరిపోదు. ఇట్టి అభ్యాసమునకు కళాశాల సంఘమువారు వారమునకొక గంట కేటాయించినచో, రేపు ఈ ప్రోగ్రాములు వ్రాయబోవు మన విద్యార్థులకు సంతకపు బాధ్యత యెట్టిదో నేడే తెలియును.