బుద్ధిగా పడుకున్న బిడ్డ

"బుద్ధిగా పడుకున్నాడు నర్సమ్మా, ఏడవను కూడా ఏడవలేదు" అంది అవ్వ. పాడేరు ఏజెన్సీలో ఇరవై ఆరేళ్లు ఏఎన్‌ఎంగా చేశాను. అక్కడ నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన మాట ఇదే.

జనవరి చలి. పొయ్యి పక్కన చాప మీద పుట్టి మూడో రోజు బిడ్డ. చేతి వెనక వైపు ఆనించి చూశాను. పొట్ట వెచ్చగానే ఉంది, పాదాలు మాత్రం చల్లగా కొట్టేస్తున్నాయి. ఒంట్లో వేడి తగ్గిపోతోందనడానికి మొదటి గుర్తు అదే. నోట్లో వేలు పెడితే చీకలేదు. జోలెలో వేసి కాటాకు తగిలిస్తే ముల్లు 1,800 గ్రాముల దగ్గర ఆగింది. రెండున్నర కిలోలుంటే మాకు ధైర్యం. పుట్టగానే నీళ్లు పోశారట. ముర్రుపాలు పిండి పారబోశారట. తల్లికి పదిహేడేళ్లు.

బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి దుప్పటి చుట్టి, ఇద్దరినీ డోలీలో దింపాం. రోడ్డెక్కడానికి రెండు గంటలు. అంబులెన్సు ఎదురొచ్చేసరికే అయిపోయింది.

ఇంచుమించు అదే బరువుతో నా మేనకోడలి కూతురు విశాఖలో పుట్టింది. నవజాత శిశువుల వార్డులో పన్నెండు రోజులు వెచ్చగా ఉంచి, గొట్టంతో పాలు పట్టి ఇంటికి పంపారు. ఇప్పుడు ఆరో తరగతి. ఒక్క మాట వినదు.

వెయ్యిమంది ప్రాణంతో పుడితే ఏడాది నిండేలోపు ఎంతమంది పోతారన్నదే శిశు మరణాల రేటు. కేంద్రం ఏటా తీసే శాంపిల్ సర్వేలో 2020కి దేశం మొత్తం మీద అది 28. మధ్యప్రదేశ్‌లో 43, కేరళలో 6. తెలంగాణ 21, మన ఆంధ్రప్రదేశ్ 24. ఆ 24లో విశాఖ బీచ్ రోడ్డూ ఉంది, మా డోలీ దారీ ఉంది. సగటు తీసేసరికి మా దారి కనబడదు. ఇంకో సంగతి: దేశం లెక్కలోని ఆ 28 మందిలో 20 మంది మొదటి నెల దాటకుండానే పోయినవాళ్లు. అంటే చలి, పాలు, ఇన్‌ఫెక్షన్, ఊపిరి అందకపోవడం. ఆ మొదటి రోజుల్లో బిడ్డను ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టే ఊరికీ ఊరికీ తేడా.

నిజానికి లెక్క కాన్పు కంటే చాలా ముందే మొదలవుతుంది. నాకు ట్రైనింగ్ ఇచ్చిన ట్యూటర్ మలయాళీ. వాళ్లమ్మ కూడా హైస్కూలు చదివిందని చెబితే మేం నోరెళ్లబెట్టాం. బడికెళ్లే పిల్లకు పెళ్లి తొందరపడరు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు కేరళలో సుమారు 6 శాతం, ఆంధ్రలో 29 శాతం తేలారు. తానే ఇంకా ఎదగాల్సిన పిల్ల, రక్తం చాలని పిల్ల, కడుపులో బిడ్డకు ఏం పెడుతుంది? ఆ 1,800 గ్రాములు నాకు వింతేమీ కాదు.

రోడ్డు పడితే అన్నీ సర్దుకుంటాయని మా ఆఫీసర్లు అనేవారు. రోడ్డు కావాల్సిందే, కాదనను. కానీ ప్రాణహిత అవతల గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు రోడ్ల కోసం కూర్చోలేదు. 1995లో మొదలుపెట్టి 39 ఊళ్లలో అక్కడి ఆడవాళ్లకే పని నేర్పారు. బిడ్డను తూచడం, వెచ్చగా చుట్టడం, జబ్బు గుర్తుపట్టడం, అవసరమైతే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయడం కూడా. పక్కన పోల్చి చూసిన ఊళ్లతో లెక్కేస్తే మూడో ఏడాదికి నెలలోపు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. 2011 నుంచి దేశమంతా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తున్నది ఆ దారిలోనే. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. కాగితం మీద ఆరు సంతకాలు పెట్టేసి గుమ్మం దాకా వెళ్లనివాళ్లనూ చూశాను, వానలో వాగు దాటి వెళ్లినవాళ్లనూ చూశాను.

రెండేళ్ల తర్వాత వారపు సంతలో ఆ అవ్వే కనబడింది. పసుపు కొమ్ముల బుట్ట దించి నా చెయ్యి పట్టుకుంది. "కోడలికి ఎనిమిదో నెల నర్సమ్మా. ఆసుపత్రి దగ్గర గర్భిణులుండే ఇల్లుందట కదా, ఎప్పుడు దింపమంటావు?"