తొలి సింథసైజర్ ఎంపిక

కంప్యూటర్‌కు కలిపి వాయించే కీబోర్డులు చూపుకు ఒకేలా కనిపించినా వాటిలో రెండు రకాలున్నాయి: సింథసైజర్ తన లోపలి సర్క్యూట్లతో తానే నాదాన్ని పుట్టిస్తుంది, మిడి కంట్రోలర్‌కు సొంత గొంతు లేదు, ఏ మీటను ఎంత వేగంగా నొక్కారో, ఎప్పుడు వదిలారో మాత్రమే అది కంప్యూటర్‌కు తెలియజేస్తే ధ్వనిని అక్కడి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. వేర్వేరు కంపెనీల వాద్యాలను కలిపేందుకు 1983లో వెలువడిన మిడి ప్రమాణమే నేటికీ ఈ రెండింటికీ ఉమ్మడి భాష. నొక్కిన వేగాన్ని అది 1 నుంచి 127 వరకు అంకెలుగా పంపుతుంది కనుక, ఆ తేడాను గుర్తించలేని చవక కీబోర్డుపై మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా స్వరం ఒకే బలంతో పలుకుతుంది; వందల ధ్వనుల జాబితా కంటే మీటల స్పందనే ముందుగా పరీక్షించదగినది.

కర్ణాటక సంగీతం వాయించదలచిన తెలుగు అభ్యాసకులకు పిచ్ బెండ్ చక్రం తప్పనిసరి. మీటలు స్థిరస్వరాలనే ఇస్తాయి. గమకం పలకాలంటే సాధారణంగా ఎడమవైపున ఉండే ఈ చక్రాన్ని కదపాలి, ఆ కదలికను మిడి 16,384 మెట్లుగా విభజించగలదు కనుక స్వరం గంతులు వేయకుండా జారుతుంది.

యూఎస్‌బీ తీగ ధ్వనిని కూడా మోస్తుందని భావించడం తగదు. చాలా సింథసైజర్లలో అది మిడి సందేశాలనే పంపుతుంది కాబట్టి, వాద్యం సొంత నాదాన్ని రికార్డు చేయాలంటే విద్యుత్ తరంగాన్ని అంకెలుగా మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్ వేరుగా కొనవలసి రావచ్చు. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.