త్రాగుడు మానినవానికి పని

గడచిన నెలలో ఎరువులకై మన సంఘ కార్యాలయమునకు వచ్చిన సభ్యుల నడుమ ఒక ముచ్చట నడచినది. సమీప గ్రామమున నూర్పిడి యంత్రము నడుపుటలో మంచి పేరున్న యొక కూలివాడు త్రాగుడు ముదిరి ఆసుపత్రి పాలై, నెల దినములు చికిత్స పొంది యింటికి వచ్చినాడు. మనిషి తేఱుకొన్నాడు. పనికై నలుగురు రైతులను అడిగెను. నలుగురును ఒకే మాట చెప్పిరి: "కొన్నాళ్లు చూతము." ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో ఏ యొక్కరును చెప్పలేదు. అతడు మూడు వారములుగా రచ్చబండమీద కూర్చుండుచున్నాడు. ఆ రచ్చబండకు ఎదుటనే మద్యము చాటుగా అమ్ము కొట్టు కలదు.

ఆ నలుగురును మన సభ్యులే. వారిని నిందించుటకు మే మిది వ్రాయుట లేదు. అదివఱకు అతడు రెండు మారులు బయానా పుచ్చుకొని కోతల నడుమ కనుపించకపోయిన మాట నిజము. అయినను, పని యియ్యకుండ మనిషి నిలుచునేమో చూతమనుట, నారు నాటి నీరు పెట్టక బ్రతుకునేమో చూతమనుట వంటిది. పని దొరకినవాడెల్ల నిలుచునని మేము చెప్పము. పనియు, దినమున కొక క్రమమును, చేతిలో స్వార్జితమును లేనివాడు నిలుచుట మఱింత కష్టమని మాత్రము చెప్పగలము. కోతలు దగ్గఱపడుచున్నవి గనుక, పని యిచ్చువారును పనికి పోవువారును తెలిసికొనవలసిన సంగతులను కొన్నిటిని ఇందు వ్రాయుచున్నాము.

మొదట నొక హెచ్చరిక. అనేక సంవత్సరములు దినదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, ఆఱు గంటలు మొదలు ఒక దినము లోపల చేతులు వణకుట, చెమటలు, నిద్రపట్టమి ఆరంభమగును. మొదటి రెండు దినములలో కొందఱికి మూర్ఛలు వచ్చును. రెండవ దినమునకును నాలుగవ దినమునకును నడుమ కొందఱికి మతి చలించి లేనివి కనుపించును. ఇది ప్రాణాపాయకరము. కావున "గదిలో పెట్టి తాళము వేసిన నదియే పోవును" అనుటయు, "పొలములో చెమటోడ్చిన దిగిపోవును" అనుటయు పొరపాటు. కల్తీ కల్లు త్రాగువారి విషయమున మఱింత జాగ్రత్త వలయును. అందు కలుపు నిద్రమందులకు శరీరము అలవాటుపడియుండును. 2015 సెప్టెంబరులో తెలంగాణమున కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా నిలిచిపోగా, నిజామాబాదు మున్నగు జిల్లాలలో వందలకొలది జనులు మూర్ఛలతోను, మతిభ్రమతోను ఆసుపత్రులకు చేరిరి. మానుట వైద్యుని యెదుట జరుగవలెను. పని మాట ఆ తరువాతిది. ఎచ్చటికి పోవలెనో తెలియనివారు 14446 అను సంఖ్యకు గాని, మానసిక వైద్య సలహాకై 14416 అను సంఖ్యకు గాని టెలిఫోను చేయవచ్చును.

పది పదునైదు దినములు గడచిన పిమ్మట మనిషి పైకి బాగుగనే కనుపించును. ఇచ్చటనే యజమానులు మోసపోవుదురు. త్రాగుడు మానినవానికి నిద్ర సరిగా పట్టుటకు నెలలు పట్టవచ్చును. చిన్న మాటకు కోపము వచ్చును, చెప్పిన పని మఱచును, మధ్యాహ్నమునకే డస్సిపోవును. కొందఱి పాదములకు తిమ్మిరి యుండి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. ఇవి యన్నియు చూచి "సోమరి యైనాడు, త్రాగిననాడే మేలు" అని హేళన చేయుట మేము విన్నాము. ఇది సోమరితనము కాదు. మానియున్నకొలది, తిండి సరిగా తినుచున్నకొలది, పెక్కుమందికి నెలనెలకు తగ్గిపోవును. మొదటి నెలలో పూట పని యిచ్చి, తరువాత నిండు దినమునకు తెచ్చుట మంచిది. ఇంత పని, ఇన్ని గంటలు, ఇంత కూలి యని మొదటనే చెప్పవలెను. నలుగురితో కలిసి పగటివేళ చేయు పని యేదైనను మేలే: కలుపు తీయుట, నారు మోయుట, గట్లు చెక్కుట, పశువులకు మేత కోయుట, గోదాములో బస్తాలు లెక్కించుట.

తగని పనులును కలవు. మొదటి వారములలో వైద్యు లిచ్చు మందులవలన మత్తు కలుగవచ్చును. మూర్ఛ భయము నుండవచ్చును. అందుచేత ట్రాక్టరు, నూర్పిడి యంత్రము, మేత కత్తిరించు యంత్రము, చెట్లెక్కుట, బావిలోనికి దిగుట వైద్యుడు సరే యనువఱకు ఆపవలెను. రాత్రివేళ మోటారువద్ద ఒంటరి కావలియు మంచిది కాదు. నిద్రపట్టని మనిషికి చీకటిలో తోడుండునది పాత అలవాటే. పురుగుమందు చల్లుటకును పంపవలదు. చేతులు వణకువాడు మందును ఒడలిమీద పోసికొనును. అంతకంటె ముఖ్యముగ, మానిన క్రొత్తలో దిగులు హెచ్చుగా నుండును, చేతికందిన డబ్బాతో ప్రాణము తీసికొన్న దుఃఖములు మన గ్రామములలో లేకపోలేదు. పురుగుమందుల గది తాళపుచెవి రైతు మొలనే యుండుట అందఱికిని క్షేమము.

ఇచ్చట రైతులు ఎఱుగవలసిన వింత యొకటి కలదు. విత్తనశుద్ధికి మనము వాడు థైరమునకును, త్రాగుడు మాన్పుట కిచ్చు డైసల్ఫిరాము అను మందునకును రసాయనమున దగ్గఱి చుట్టఱికము. 1937లో అమెరికాలో ఒక కర్మాగార వైద్యుడు, రబ్బరు పనిలో వాడు ఇట్టి ద్రవ్యముల నడుమ పనిచేయువారికి మద్యము పడకుండుట గమనించెను. 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు దానిని చికిత్సకు మందుగా ప్రకటించిరి. ఆ మందు మ్రింగి మద్యము త్రాగినవానికి మొగ మెఱ్ఱబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపు పోటు పడిపోవును. ఒక్కొకప్పుడు ప్రాణమే పోవును. కొందఱు ఇండ్లలో దీనిని మనిషికి తెలియకుండ చారులో కలిపి పెట్టుచున్నారు. ఇది ప్రేమతో చేయు ప్రమాదము. థైరముతో విత్తనము కలిపిన దినమున త్రాగువారికిని ఇట్టి బాధ కలుగవచ్చును.

ఇక కూలి మాట. మా అభిప్రాయమున అసలు చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నాట్లు గాని, కోతలు గాని, లారీలకు ఎత్తుడు గాని గుత్తకు ఇచ్చునపుడు, కూలిపైన సీసా డబ్బులు ఇచ్చుట మనలో వాడుక. ఇది దురుద్దేశముతో చేయుట లేదు. ఒళ్లునొప్పులు తీరునని, ముఠా మఱుసటి దినము మఱల వచ్చునని ఇత్తురు. కాని మానినవాడు ఆ ముఠాలో నున్నచో, సాయంకాలము అయిదు గంటలకు మనము చేసిన మేలే అతనికి వలయగును. త్రాగనన్నచో తోటివారు "గొప్పవాడవైనావు" అందురు. త్రాగినచో పని పోవును.

దక్షిణాఫ్రికాలో కేపు ప్రాంతపు ద్రాక్షతోటలలో కూలిలో కొంత ద్రాక్షసారాయముగా ఇచ్చు ఆచారము తరతరములు నడచినది. దానిని డాప్ అనిరి. చట్టము నిషేధించిన తరువాత కూడ అది వెంటనే పోలేదు. గర్భమునందే మద్యముచే చెడిన శిశువులు లోకమున మిక్కిలి హెచ్చుగా పుట్టుచున్న ప్రాంతములలో అది నేటికిని ఒకటి. ఇంగ్లండులో మద్యశాలలలో కూలి చెల్లింపరాదని 1883లోనే చట్టము చేసిరి. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ యొడంబడికలో, ఘాటైన మద్యమును కూలిక్రింద నే పరిస్థితిలోను ఇయ్యరాదని వ్రాసిరి. మన నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట స్త్రీలు సారాయి దుకాణముపై లేచినపుడును కూలి డబ్బు ఇల్లు చేరకపోవుటయే వారి మొఱ. 1993లో సారాయి నిషేధము వచ్చెను; 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయెను. దుకాణములు మూయుటయు తెఱచుటయు ప్రభుత్వముల చేతిలోనిది. సీసా డబ్బులు మాత్రము మన చేతిలోనివి.

వాని నాపినచో ముఠా రాదని భయపడనక్కఱలేదు. ఆ మొత్తమును కూలిలోనే కలిపి యిచ్చి, పని ముగిసిన వెంటనే మజ్జిగయో, తేనీరో, కోడిగ్రుడ్డుతో అన్నమో పెట్టవచ్చును. ముఠా యంతటికిని ఒకే రీతిని చేయవలెను. మానినవాని నొక్కనిని వేఱు చేసి "నీకు మజ్జిగ" అనుట వానిని నలుగురిలో నవ్వులపాలు చేయుటయే.

కూలి యెప్పుడు ఇయ్యవలెనో వానినే అడుగుడు. కొందఱు వారమునకు ఒకసారి కావలెనందురు; కొందఱు పొదుపు ఖాతాలో జమచేయుమందురు. మన సంఘమున అట్టి ఖాతా తెఱచుటకు అభ్యంతరము లేదు. ప్రభుత్వపు ఉపాధి పనుల కూలియు ఖాతాలోనికే వచ్చును గనుక, అట్టి పని దొరకినచో మానిన క్రొత్తలో అది యొక మేలు. భార్యచేతి కిమ్మని వా డడిగినచో ఇయ్యవచ్చును. అడుగకుండ ఇచ్చుట తగదు. వాని కూలి వానిది.

బాకీల సంగతి సంఘము వారమగు మాకు తెలిసినంత మఱియొకరికి తెలియదు. త్రాగినవానికి ఊరంతయు బాకీలే. ఆ సిగ్గుచేతనే పెక్కుమంది పని అడుగ రారు. త్రాగుడు మానుటకు ఒకరికొకరు తోడ్పడు "ఆల్కహాలిక్స్ అనానిమస్" అను సంఘము అమెరికాలోని ఏక్రన్ పట్టణమున విల్సన్ అను వర్తకునితోను, స్మిత్ అను శస్త్రవైద్యునితోను మొదలైనది. విల్సన్ ఆ యూరికి వచ్చిన వ్యాపారకార్యము చెడిపోయి చేతిలో పని లేక యుండెను. స్మిత్ కడపటిసారి త్రాగిన దినమని ఆ సంఘము లెక్కించునది 1935 జూన్ 10. ఆనాడు అతడు శస్త్రచికిత్స చేసి, నేరుగా ఇంటికి పోక, తాను బాకీపడినవారిని, నొప్పించినవారిని చూడబోయెనట. ఊరివారి కండ్ల నెదుర్కొనుట పనిలో భాగమే యని దీనివలన తెలియుచున్నది.

అయితే పని యిచ్చు రైతు పాత బాకీక్రింద కూలి యంతయు పట్టుకొనుట తప్పు. చేతికి పైస రానివాడు వారమున కెక్కువ నిలువడు. బాకీకి కట్టుబడి చాకిరి చేయించుట 1976 చట్టముచే నేరమును అగును. కూలి కూలిగా నిచ్చి, కొన్ని నెలలు గడచిన పిమ్మట చిన్న వాయిదాలు మాటాడుకొనవలెను.

పని దొరకిన పిమ్మట నిలుపుకొనుట వాని చేతిలో నున్నది. యజమాని యొక్కనికి నిజము చెప్పిన చాలును, ఊరంతకు చాటనక్కఱలేదు. వైద్యునియొద్దకు పోవలసిన దినములను ముందే చెప్పి సెలవు పుచ్చుకొనవలెను. జాతరలు, పెండ్లిండ్లు, సంత దినముల సాయంకాలములు ఎవ్వరితో గడుపవలెనో ముందే తలచుకొనవలెను. జారిపడుటయు కలదు. అట్టి దినమున నేమి చేయవలెనో పనిలో చేర్చుకొనునపుడే ఇద్దఱును మాటాడుకొనుట మేలు. మా సలహా యిది: త్రాగి వచ్చిననాడు పనిముట్టు ముట్టనీయక, కేకలు వేయక, తోడిచ్చి యింటికి పంపవలెను, ఆనాటి కూలి లేదు. మఱునాడు వైద్యునియొద్దకు పోయి తెలివితో తిరిగివచ్చినచో పని యుండవలెను. మాటిమాటికి జరిగినచో పని కంటె ముందు చికిత్స కావలెను. త్రాగుడు మానిన స్త్రీలకును ఇదంతయు వర్తించును. వారిని గూర్చి ఊరు మఱింత కఠినముగా మాటాడును గనుక వారికి పని యిచ్చువారు మఱింత ముందుకు రావలెను.

మొదట చెప్పిన కూలివానిని గోదాములో పూట పనికి తీసికొనుటకు సంఘము వారము ఒప్పుకొన్నాము. హమాలీల పెద్ద తన ముఠాకు సీసా డబ్బులు వద్దని, కూలిలో కలుపుమని చెప్పినాడు. లారీవారితో మేము మాటాడవలసి యున్నది. కూలి యెప్పుడు కావలెనని అడుగగా, శనివారము సాయంకాలము వద్దు, ఆదివారము ప్రొద్దున్నే ఇండనెను. ఆ వేళకు కొట్టు తెఱవరట.